పెరుగుదల అనుకున్న తలనొప్పి

మా చైత్ర తల నొప్పి పెడుతోందని మొదటిసారి చెప్పిన రోజు నేను సంతోషపడ్డాను. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. తిట్టాలనుకునేవాళ్ళు తిట్టండి, నన్ను నేను ఇప్పటికే చాలినంత తిట్టుకున్నాను. కానీ పిల్లలకు ఎత్తు పెరిగే హార్మోను సూదులు వేయిస్తున్న తల్లులు మా చిక్కబళ్ళాపురం వైపు కూడా ఇప్పుడు ఒకరిద్దరు కనబడుతున్నారు. వాళ్ళ కోసమైనా జరిగింది జరిగినట్టు చెప్పాలి. సూదిని ఆడిపోసుకోవడానికి కాదు ఇది. ఆ సూది ఇవాళ్టికీ మా ఇంట్లో ఉంది, మా పాప ఇవాళ్టికీ వేసుకుంటోంది.

మాది సాదలి. రెండెకరాల మల్బరీ తోట, దాని పక్కన పట్టుపురుగుల షెడ్డు. నా పుట్టిల్లు బాగేపల్లి దాటాక గూళూరు. అక్కడ వేరుశనగ తప్ప నాకేమీ తెలియదు. పెళ్ళై వచ్చాక అత్తమ్మ దగ్గర పురుగుల పని నేర్చుకున్నాను, ఐదారేళ్ళకు ఆమెనే మించిపోయాను. షెడ్డులోకి అడుగు పెట్టి ఒక చూపు చూస్తే చాలు, ఏ స్టాండు మీద పురుగు ఎలా ఉందో చెప్పేస్తానని ఊళ్ళో పేరు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ గొప్పే నా కొంప ముంచింది.

పురుగుల పని తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు ఆకు ముట్టదు. ఒళ్ళు కాస్త ఉబ్బి నిగనిగలాడుతుంది. తల పైకెత్తి, కదలకుండా అలాగే ఉండిపోతుంది. అప్పుడు దాన్ని కదపకూడదు, ఆకు వేయకూడదు, సున్నం చల్లి ఊరుకోవాలి. ఒక రోజు గడిస్తే పాత పొరలోంచి బయటికొచ్చి, ముందుకంటే పెద్దదై, ఆకు మీద పడుతుంది. నా మొదటి పంటలో అది చూసి పురుగులన్నీ చచ్చిపోతున్నాయని ఏడ్చాను. అత్తమ్మ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. "జబ్బు కాదు పిచ్చిదానా, అవి పెరుగుతాండాయి. నువ్వు గమ్మునుండు" అంది.

పోయిన ఏడాది జూన్‌లో బడి తెరిచిన వారం ఇదంతా మొదలైంది. చైత్ర ఐదో తరగతికి వెళ్ళింది. కొత్తగా వచ్చిన మిస్ దాని ఎత్తు చూసి, ఒకటో తరగతి పిల్లల వరుసలో నిలబెట్టిందట. ఇది నోరు తెరిచి నేను ఐదో తరగతి అని చెప్పకుండా ప్రార్థన అయ్యేదాకా అక్కడే నిలబడింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా ఆయన నారాయణస్వామి నచ్చజెప్పబోతే, "నన్ను ఎత్తుకోవద్దు నాయనా, ఇంకా చిన్నపిల్లనంటారు" అని మొహం తిప్పుకుంది.

"మీ నాయన పొట్టి కదా, ఆ పోలికే వచ్చిండాది" అని అత్తమ్మ నా పుట్టింటి మీదికి తోసింది. మా నాన్న పొట్టే, కాదనను. కానీ చిక్కబళ్ళాపురంలో పిల్లల డాక్టరు అంగన్‌వాడీ కార్డు, బడి కార్డు పక్కపక్కన పెట్టి చూసి, పొట్టిగా ఉండడం వేరు, పెరగడం ఆగిపోవడం వేరు అన్నాడు. రెండేళ్ళుగా మా పాప పెరిగింది పెరగనట్టే లెక్క. బెంగళూరులో హార్మోను డాక్టరుకు చూపించమని చీటీ రాశాడు.

ఆగస్టంతా బెంగళూరు ప్రయాణాలే. ఎముకల వయసు తెలుసుకోవడానికి చేతికి ఎక్స్‌రే, తలకు స్కానింగు. ఒక రోజు పొద్దున్నుంచీ ఏమీ తినకుండా మంచం మీద పడుకోబెట్టి, మందు ఇచ్చి, ఉండుండి రక్తం తీశారు. నాలుగోసారికి చైత్ర చేయి వెనక్కి లాక్కుంది. పక్క మంచం దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, ఎవరో ఏమో, తన సంచిలోంచి రంగు దారాలు తీసి దాని రెండో చేతికి అల్లడం మొదలుపెట్టింది. అల్లిక అయ్యేసరికి పరీక్ష కూడా అయిపోయింది. ఆమె పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది.

పాప ఒంట్లో పెరిగే హార్మోను చాలినంత తయారు కావడం లేదని తేలింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కన్నడలో, ఒక్కో మాట విడదీసి చెప్పింది. రోజూ పడుకోబోయే ముందు పెన్నులాంటి దాంతో చర్మం కింద సూది వేయాలి. ఒకరోజు తొడకు, ఒకరోజు పొట్టకు, చోటు మారుస్తూ ఉండాలి. మందు ఫ్రిజ్‌లో చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. మోతాదు మన ఇష్టానికి పెంచకూడదు, తగ్గించకూడదు. ఆఖరున కుర్చీ ముందుకు జరుపుకుని ఇంకో మాట చెప్పింది. తల నొప్పి వదలకుండా వస్తున్నా, వాంతులవుతున్నా, చూపు మసకగా ఉన్నా, తుంటి గానీ మోకాలు గానీ నొస్తోందని కుంటుతున్నా, ఆ రోజే ఫోన్ చేయండి, మళ్ళీ రమ్మన్న తారీకు కోసం ఎదురుచూడకండి అంది. ఇవి చాలామందికి రావు, వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు అని కాగితం మీద రాసి ఇచ్చింది. నేను పీయూసీ చదివినదాన్ని. ఆ కాగితం రెండుసార్లు చదివి, అడుగున మందు గడ్డకట్టకూడదని పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

వినాయక చవితి అయిన వారానికి సూదులు మొదలుపెట్టాం. మొదటి రోజు మా ఆయన గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్ళిపోయాడు, చూడలేనన్నాడు. నేను సూదిని తొడ దాకా తెచ్చి రెండుసార్లు వెనక్కి తీశాను. "చీమ కుట్టినట్లు ఉండాది, అంతే" అని చైత్రే నాకు ధైర్యం చెప్పింది. కళ్ళలో నీళ్ళు పెట్టుకునే చెప్పిందనుకోండి.

దసరా సెలవుల్లో ఒకరోజు కరెంటు పోయింది. నేను తోటలో ఉన్నాను. మందు చెడిపోతుందని అత్తమ్మకు భయం వేసి, కరెంటు రాగానే ఆ పెన్ను తీసి మంచుపెట్టెలో దాచింది. మరుసటి రోజు చూస్తే అది రాయిలా ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఒకసారి గడ్డకట్టిన మందు కరిగించినా పనికిరాదు, వాడకండి అని నర్సు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టినా కదా అత్తమ్మా, గడ్డకట్టకూడదని!"

"నాకు చదువొస్తాదా? చెడిపోతాదేమోనని ఆడ పెట్టినా. మంచికే చేసినా గదా!"

"తెలీనప్పుడు అడగాల. ఈ ఇంట్లో ఆ కాగితం చదివేది నేనొక్కదాన్నే. ఇంక ఎవురూ దాని జోలికి పోవద్దు" అని అరిచాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ అరుపు ఇప్పుడు గుర్తొస్తే నాకే సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే ఆ కాగితం చదివినదాన్ని నెల తిరక్కుండా ఏం చేశానో చూడండి.

దీపావళి అయింది. షెడ్డులో పురుగులు నాలుగో పొర విడిచి లేచాయి. ఆ తర్వాతి వారం పురుగులవాళ్ళ ఇళ్ళల్లో మనుషులు మనుషులుగా ఉండరు. ఎంత ఆకు వేసినా వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ తినేస్తాయి. నేను ఆకు మోపు దించుతుంటే చైత్ర షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మా, తల నొస్తాండాది."

"ఏమన్నా తిన్నావా?"

"వద్దు. కడుపులో తిప్పుతాండాది."

చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకొచ్చింది. పాదాలు ఉబ్బి, పట్టీ బిగుతుగా ఉందట. నేను దాన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాను. తిండి వద్దంటోంది, ఒళ్ళు కాస్త ఉబ్బింది, పొద్దున్నుంచీ తల పట్టుకుని ఒకే చోట కూర్చుంది. పోయిన జూన్‌లో కుట్టించిన లంగా అంచు కూడా అప్పటికి కొంచెం పైకి కనబడుతోంది. అంతే, నా బుర్ర తాను ఎరిగిన దారిలోనే పరిగెత్తింది.

"అత్తమ్మా, ఇట్ల రా" అని పిలిచాను. "పాపను చూడు. పొర విడిచే పురుగు ఉన్నట్టే లేదా?"

అత్తమ్మ దాని గడ్డం పట్టుకుని చూసి పకపకా నవ్వింది. "అవునే! సూది పని చేస్తాండాది. మా అమ్మ పెరుగుతాండాది!"

సంతోషపడ్డానని మొదట రాశానే, అది ఈ నిమిషమే. మా ఆయన ఒక్కడే ఆకు కోస్తున్న కత్తి ఆపి, "డాక్టరమ్మకు ఒక మాట ఫోన్ చేద్దామా?" అన్నాడు.

"మీకేం తెలీదు, ఊరికే ఉండండి. పెరిగే బిడ్డకు అట్లే ఉంటాది. పంట దించినాక ఎట్లాగూ పోవాల్సిందే కదా" అన్నాను. ఆయన మళ్ళీ కత్తి ఆడించడం మొదలుపెట్టాడు. పురుగుల విషయంలో నా మాటకు ఎదురు చెప్పి ఆయనకు అలవాటు లేదు.

ఆ తర్వాత పొద్దున్నే తల నొప్పి అనడం రోజువారీ అయింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. పాలు పడలేదన్నాను. వెలుతురు పడడం లేదంటే నడిగదిలో కిటికీ మూసి పడుకోబెట్టాను. తలుపు దగ్గరగా వేసి, "ఎవురూ లోపలికి పోవద్దండి, దాన్ని కదిలించొద్దండి" అని ఇంట్లో చెప్పాను. అది ఏదో చెప్పబోతే, "పెరుగుతాండావు చిన్నీ, గమ్మున పండుకో" అన్నాను. కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది. నొప్పి తగ్గిందనుకున్నాను. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అలాగే ఉంది. రోజూ పాలగిన్నె కోసం ఆ తలుపే తీసి వేస్తున్నాను.

ఆ పంట చాలా బాగా వచ్చింది. గూళ్ళు చూసి శిడ్లఘట్ట మార్కెట్లో నలుగురూ మెచ్చుకున్నారు. ఇప్పటికీ ఎవరైనా ఆ పంట గురించి ఎత్తితే నేను మాట మార్చేస్తాను.

డిసెంబరులో మిస్ కబురు పెట్టింది. పాప ఒక కన్ను చేత్తో మూసుకుని బోర్డు చదువుతోంది, అద్దాలు అవసరమేమో చూపించండి అని. అద్దాలే కదా అనుకుని చింతామణి తీసుకెళ్ళాను. అత్తమ్మకు అద్దాలు చేయించిన అంగడి అక్కడే ఉంది. అంగడి పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. చైత్రను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకదాని మీద ఒకటి గాజుబిళ్ళలు మార్చి మార్చి చూశాడు. ఏదీ కుదరలేదు. బిళ్ళలన్నీ తీసేసి, తన చూపుడు వేలు దాని మొహం ముందు పెట్టాడు.

"ఇవి ఎన్ని పాపా?"

"రెండు."

ఆయన నా వైపు చూసి, మళ్ళీ దాన్నే అడిగాడు. "యాడుండాది రెండోది?"

"దాని పక్కనే."

"ఎప్పట్నుంచి ఇట్ల?"

"దీపావళి అయినాక తల నొచ్చింది. ఆమైన రెండు రెండు కనపడతాండాయి."

"మీ అమ్మకు చెప్పకపోతివా?"

చైత్ర నన్ను చూసింది. తర్వాత ఆయనకే చెప్పింది. "చెప్తే, పెరుగుతాండావు అంటాది."

ఆయన ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే సూది సంగతి చెప్పాను. చెబుతుంటేనే ఫ్రిజ్ తలుపు మీద కాగితం, అందులో మూడో వరుస, నా కళ్ళ ముందు కదిలింది.

"అమ్మా, అద్దాలు చేసిస్తే నాకు బేరమే" అన్నాడాయన. "కానీ ఇది అద్దాలతో పోయేది కాదు. కండ్ల డాక్టరు మందు ఏసి లోపలికి చూడాల. ఇయ్యాల్నే చూడాల. రేపు, ఎల్లుండి అనొద్దు." అంగడి తెరిచింది తెరిచినట్టే వదిలి, మమ్మల్ని బస్టాండుకు నడిపించుకెళ్ళాడు. చిక్కబళ్ళాపురం బస్సు కండక్టరుతో మాట్లాడి, ఎక్కువ కుదుపు లేని ముందు సీటు ఇప్పించాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి, "ఏం కాదులే తల్లీ" అని చైత్రకు చెబుతూనే ఉన్నాడు.

చిక్కబళ్ళాపురంలో కంటి ఆసుపత్రి బెంచీ మీద చుక్కల మందు వేసి కూర్చోబెట్టారు. చైత్ర నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఆ అరగంటలో నేను మొక్కని దేవుడు లేడు. దేవుడికి చెప్పినదల్లా ఒకటే, తప్పు నాది, కళ్ళు దానివి అని. డాక్టరు కుర్రవాడే. రెండు కళ్ళలోకీ చాలాసేపు లైటు వేసి చూశాడు. తల లోపల ఒత్తిడి పెరిగి, రెండు కళ్ళ వెనకా నరాలు వాచాయని, ఇలాగే వదిలేస్తే చూపు పోవచ్చని చెప్పాడు. తన ఫోన్ నుంచే బెంగళూరు డాక్టరమ్మకు చేసి నా చేతికిచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగిందామె.

"నెల" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి వేసింది గానీ చెప్పలేదు.

"సూది ఆపేయండి. నేరుగా ఇక్కడికి వచ్చేయండి" అంది.

మా ఆయన బట్టలు, కాగితాలు తీసుకుని బెంగళూరులో మమ్మల్ని కలిశాడు. మళ్ళీ స్కానింగు చేశారు. వెన్నులోంచి నీళ్ళు తీసి ఒత్తిడి కొలిచారు. తలలో వేరే గడ్డలేవీ లేవని, ఇది సూది వల్ల వచ్చినదేనని తేల్చి, ఒత్తిడి తగ్గే మాత్రలు మొదలుపెట్టారు. అక్కడి వరండాలో మా ఆయన నెమ్మదిగా, గోడ వైపు చూస్తూ, "నేను ఫోన్ చేద్దామంటి కదా మంజులా" అన్నాడు. ఆ ఒక్కసారే. మళ్ళీ ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు. అరిచి, గోల చేసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

చూపు వస్తుందా అని డాక్టరమ్మను అడిగాను. వాపు తగ్గేదాకా ఖాయంగా చెప్పలేనంది. సూది ఆపితే చాలామందికి తగ్గుతుంది, ఇంకో నెల ఆగి వచ్చి ఉంటే ఈ మాట కూడా అనేదాన్ని కాదు అంది. నన్ను తిట్టలేదు. పురుగుల సంగతి మొత్తం చెబితే శ్రద్ధగా విని, "మీకు తెలిసిన దాంతో పోల్చుకున్నారు. పిల్ల మాత్రం తనకు తెలిసింది మాటల్లో చెప్పింది కదా" అంది. ఆ మాట పట్టుకునే నేను ఆ నెలలు గడిపాను.

ఊరికి వచ్చాక అత్తమ్మ ఊరుకోలేదు. సూదులు వద్దని తను మొదటే చెప్పినట్టు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. చెప్పలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. కానీ ఒంట్లో ఆ ఓపిక లేదు, పైగా పురుగు మాట ముందుగా నా నోట్లోంచే వచ్చింది.

పక్కింటామె ఒకరోజు మెల్లగా వచ్చింది. "ఎట్లాగూ ఆపేసినారు కదా, మిగిలిన పెన్ను మా పాపకు ఇయ్యి మంజులా. ఒక జానెడు పెరిగితే చాలు" అంది. నా పిల్ల గదిలో చీకట్లో పడుకుని ఉంటే, గుమ్మంలో నిలబడి ఆ మాట అడిగింది!

"మీ పాప ఏటేటా పెరుగుతానే ఉండాది కదక్కా! ఒంట్లో లేనోళ్ళకు తూచి ఇచ్చే మందు ఇది, ఉన్నోళ్ళకు పోసేదానికి టానిక్కు అనుకున్నావా? మా పాపను చూసి కూడా అడిగేదానికి నీకు నోరెట్ల వచ్చింది?" అని తగులుకున్నాను. ఆ పెన్ను, వాడిన సూదుల డబ్బా మరుసటి ప్రయాణంలో ఆసుపత్రిలోనే అప్పగించేశాను.

సంక్రాంతి దాటాక కూడా వారం వారం చిక్కబళ్ళాపురం వెళుతూనే ఉన్నాం. తల నొప్పి ముందుగా పోయింది. రెండు రెండుగా కనబడడం అంత తొందరగా పోలేదు. బస్టాండులో కూర్చుని నేను దాన్ని పరీక్ష పెట్టేదాన్ని. ఒకరోజు బాగేపల్లి బస్సు మలుపు తిరిగి లోపలికి వస్తోంది.

"ఎన్ని బస్సులు చిన్నీ?"

అది ఒక కన్ను మూయలేదు. "ఒకటే. బోర్డు మింద బాగేపల్లి అని ఉండాది. డ్రైవరు పక్కన నిమ్మకాయలు కట్టిండారు."

బస్టాండు నడిమధ్య కూర్చుని బావురుమన్నాను. సామాను పోయిందా అమ్మా అని ఎవరో అడిగారు. ఫిబ్రవరి ఆఖరుకు నరాల వాపు పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పాడు. ఎడమ కంటికి ఒక అంచున మాత్రం కొంచెం మసక మిగిలింది. అది పోకపోవచ్చట. ఆ అంచు నా నెల రోజుల మొండితనం ఖరీదు, దాన్ని దాచిపెట్టి అంతా బాగైపోయిందని మీకు చెప్పను.

ఉగాది ముందు డాక్టరమ్మ అసలు మాట తెచ్చింది. చాలా తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టి, కళ్ళు చూపించుకుంటూ, మెల్లమెల్లగా పెంచవచ్చు. ఇష్టమైతేనే. ఇంటికొచ్చి చెప్పగానే అత్తమ్మ వద్దంటూ రెండు చేతులూ జోడించింది. మా ఆయన ఖరాఖండిగా చెప్పాడు. "వద్దు. పొట్టిగా ఉంటే ఉండనీ. కండ్లు ఉండాయి, చాలు."

నిజం చెప్పాలంటే నా మనసు కూడా అదే అంటోంది. వద్దంటే ఆ రోజు నుంచి కంటి నిండా నిద్రపోవచ్చు. కానీ ఆ నిద్ర నాకు, సూది లేక ఆగిపోయే ఎదుగుదల దానికి. ఎత్తు ఒక్కటే కాదు, ఎముకల బలం, ఒంటి సత్తువ కూడా ఈ హార్మోను మీదే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఒకసారి వినకుండా చెడగొట్టాను. రెండోసారి భయపడి చెడగొట్టకూడదు. అందుకని చైత్రను అందరి మధ్య కూర్చోబెట్టి అడిగాను.

"నాకు కావాల" అంది. "మిస్ నన్ను ఎప్పుడూ ముందు బెంచీలోనే కూర్చోబెడతాది. నాకు కిటికీ కాడ బెంచీ కావాల."

"మళ్ళీ తల నొస్తే?" అన్నాడు వాళ్ళ నాన్న.

అది నా వైపు తిరగలేదు. నేల చూస్తూ, "నేనైతే చెప్తా" అంది.

మొదలుపెట్టాం. అప్పటినుంచీ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. సూది ఏ వైపు వేశానో అందులో ఉంటుంది, ఎందుకంటే నొప్పి తక్కువని ఒకే చోట వేయించుకుని తొడ మీద గడ్డలు తెచ్చుకుంది మా పిల్ల. పొద్దున్నే తల ఎలా ఉంది, కళ్ళెలా ఉన్నాయి, తుంటి, మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని అడుగుతాను. అది చెప్పినది చెప్పినట్టు రాస్తాను, నా అభిప్రాయం రాయను. రక్తంలో చక్కెర, థైరాయిడ్ కూడా చెప్పిన గడువుకు చూపిస్తున్నాం. ఫ్రిజ్‌లో పెన్ను ఉన్న అరకు అత్తమ్మ కాపలా. పెరుగు గిన్నె కూడా దాని పక్కన పెట్టనివ్వదు. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. మీరు ఏ పనిలో ఎంత ఆరితేరినవాళ్ళయినా, మీ పిల్ల ఒంటి సంగతి మీ పనితో కొలవకండి. కాగితంలో రాసిన మాట పిల్ల నోట వినబడితే వెంటనే ఫోన్ తీయండి. ఉత్తదే అయితే డాక్టరు రెండు మాటలు అంటాడు, పడండి.

ఇక ఈ ఏడాది జూన్ సంగతి. షెడ్డులో మళ్ళీ పురుగులు నాలుగో పొర విడిచి లేచాయి. ఆకు కోసం తలలు ఆడిస్తున్నాయి. మోపు విప్పి మొదటి పిడికెడు చేతిలోకి తీసుకున్నాను. చైత్ర బడి సంచీ వేసుకుని గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. ఒకసారి పురుగుల వైపు, ఒకసారి నా చేతిలో ఆకు వైపు చూసింది. ఆ తర్వాత, "అమ్మా, తల నొస్తాండాది" అంది.

చేతిలో ఆకు జారిపోయింది. ఎంత నొప్పి, ఎక్కడ నొప్పి అని కూడా అడగలేదు. "చెప్పులేసుకో, పోదాం" అన్నాను. మా ఆయన తోటలో ఉన్నాడు, పురుగులు ఆకలి మీద ఉన్నాయి. అత్తమ్మ ఎప్పుడొచ్చిందో వెనకనుంచి నా భుజం మీద చేయి వేసి నెట్టింది. "నువ్వు పోమ్మా. ఆకు నేను ఏస్తా. బస్సు పోతాది, పో."

బస్సులోనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ముందు కళ్ళు చూపించి, ఆ తర్వాత మళ్ళీ ఫోన్ చేయమంది. చిక్కబళ్ళాపురంలో అదే బెంచీ, అవే చుక్కలు. ఈసారి చైత్ర ఒళ్ళో పడుకోలేదు, నా పక్కన నిటారుగా కూర్చుంది. డాక్టరు రెండు కళ్ళూ తిరగేసి మరగేసి చూశాడు. యంత్రం పక్కకు జరిపి, నరాలు శుభ్రంగా ఉన్నాయన్నాడు. పొద్దున ఏం తిన్నావని దాన్ని అడిగాడు. రాగిముద్ద వద్దని, నీళ్ళు తాగి బయలుదేరిందట. అది ఆకలి తలనొప్పి.

ఆయన నవ్వుతూ, "ఇంతదానికి ఆదరాబాదరా ఇంత దూరం వచ్చారా?" అన్నాడు.

పని పాడుచేసి వచ్చాం, మీ టైమూ పాడుచేశాం సార్ అనబోతున్నాను. నాకంటే ముందు చైత్ర కుర్చీలోంచి తలెత్తింది. మందు వేసిన కళ్ళు చికిలించుకుంటూ ఆయనకు జవాబు చెప్పింది.

"నేను చెప్పినా సార్. మా అమ్మ ఇనింది."